సర్వేయర్ వచ్చేసరికి ఊడ్చేసిన ఇల్లు

మా అత్తకు ఒక నియమం ఉంది. పగిలిన వస్తువు ఇంట్లో నిలవకూడదు. గ్లాసు పగిలినా, అద్దం చిట్లినా, చాట అంచు ఊడినా మర్నాటి పొద్దు దాని మొహం చూడకూడదు. "పలిగింది ఇంట్ల ఉంటే ఇల్లు పలుగుతది బిడ్డా" అంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పింగాణీ గిన్నె అంచు కాస్త చిట్లింది. పిండి కలుపుకోవడానికైనా పనికొస్తుందని అటక మీద దాచుకున్నాను. తెల్లారేసరికి అది పెంటకుప్ప మీద ఉంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆమె బతిమాలనూ లేదు. మా ఇద్దరి పొత్తు అట్లా మొదలైంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అందరికీ చెప్తాడు. చెప్పుకోనీ. ఆ కోపమే లేకపోతే మా పైగది మీద ఈ రోజు కప్పు ఉండేది కాదు. ఆ సంగతే ఇది.

మాది పటాన్‌చెరు పక్కన చిట్కుల్. జొన్న, కంది పండిన చెలకల్లో ఇప్పుడు సగం ప్లాట్లు, సగం ఫ్యాక్టరీ మనుషులుండే కిరాయి గదులు. మాకు భూమి కొంచెం మిగిలింది గానీ మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. కింద పాత స్లాబు ఇల్లు మేముండేది. పక్కనే ఒక గది, అందులో బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు. బ్యాంకులో లోను తీసుకుని డాబా మీద రేకులతో ఒక పెద్ద గది, చిన్న వంటిల్లు వేయించాం. అందులో ఒడిశా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. అతనికి ఇనుప కంపెనీలో పని. ఆమె నన్ను దీదీ అని పిలుస్తుంది. అప్పటికి ఆమెకు ఏడో నెల నడుస్తోంది.

ఆ ఎండాకాలం ఒక రోజు పొద్దుటి నుంచీ ఆకు కదల్లేదు. కంపెనీల వాసన ఎటూ పోకుండా ఇంటి మీదే కూర్చుంది. అట్లా ఉన్నప్పుడే నాకు భయం. సాయంత్రం కావొస్తుండగా ఇస్నాపూర్ వైపు ఆకాశం ఎర్రగా లేచింది. ముందు దుమ్ము, దాని వెనక గాలి, గాలి వెనక రాళ్ళవాన. పైగదిలో ఆమె ఒక్కతే ఉందని గుర్తొచ్చి మెట్లెక్కాను. చూద్దును కదా, ఆ పిచ్చిపిల్ల తలుపుకు వీపు ఆనించి నిలబడింది, గాలిని ఆపుతుందట! చెయ్యి పట్టి లాగాను. మేము కింది మెట్టు దిగామో లేదో, నెత్తి మీద పెద్ద చప్పుడైంది. రేకులు ఒకదాని వెనక ఒకటి లేచిపోయాయి. నీళ్ళ ట్యాంకు దొర్లుకుంటూ వచ్చి కాంపౌండ్ గోడ మీద పడింది. గోడ సగం కూలింది.

ఇటు చూస్తే బీహారీ అన్నదమ్ములిద్దరూ గడప దగ్గర నిలబడి, ఫోన్లు పైకెత్తి, నవ్వుతూ వీడియో తీస్తున్నారు. ఇంత లావు రాళ్ళు పడటం వాళ్ళు ఎన్నడూ చూడలేదట, ఇంటికి పంపిస్తారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇల్లు ఎగిరిపోతాంటె సినిమా తీస్తున్నరా! సిగ్గులేదా! వచ్చి గేటు పట్టుకోండి!"

పాపం, ఫోన్లు జేబులో పెట్టుకుని రాళ్ళలోనే ఉరికొచ్చారు. పెద్దవాడి నెత్తి మీద బొప్పి కట్టింది.

వాన వెలిశాక పైకెక్కి చూస్తే నాలుగు గోడలు, పైన ఆకాశం. వాళ్ళ బియ్యం తడిసి ముద్దయ్యాయి. టీవీ పోయింది. పుట్టబోయే బిడ్డకని ఆమె పాత చీరలతో కుట్టుకున్న బొంతలు నీళ్ళలో తేలుతున్నాయి. ఆమె వాటిని పిండుతూ కూర్చుంది గానీ ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. ఆ రాత్రి ఇద్దరినీ మా ముందుగదిలో పడుకోబెట్టాం.

తెల్లారితే శుక్రవారం. నేను లేచేసరికి మా అత్త అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి రంగంలో ఉంది. వంగిపోయిన రేకులు, విరిగిన కొక్కేలు, పగిలిన ట్యాంకు, పక్క ప్లాటులోకి ఎగిరిపోయినవి కూడా ఏరించి తెప్పించింది. పాత సామాన్ల బండివాణ్ణి ఇంటి ముందే ఆపి, ఒక్కొక్కటి తూకం వేయించి అమ్మేసింది. కూలిన ఇటుకలు గుంత పూడ్చుకోవడానికి ఎదురింటివాళ్ళకు ఇచ్చేసింది. తర్వాత పైగది, డాబా, మెట్లు, వాకిలి కడిగి పసుపు నీళ్ళు చల్లింది. నేనూ ఒక చీపురు పట్టుకుని సాయం చేశాను. పొద్దెక్కేసరికి ఇల్లు పండగ ఇల్లులా మెరిసిపోతోంది, కప్పు ఒక్కటే లేదు.

"ఇగ మంచిగైంది" అని మా అత్త టీ తాగడానికి కూర్చుంది.

మంచిగ కాలేదు. మా అత్తకు ఇంకో నియమం కూడా ఉంది, అది అప్పుడు బయటపడింది. కాన్పు సర్కారు దవాఖానలోనే అవుతుంది, కానీ పసిపిల్లతో ఆ ఒడిశా పిల్ల వచ్చేది ఎక్కడికి? "కింద దేవుడున్న ఇంట్ల పురుడు వద్దు బిడ్డా. పైన అయితే పైననే. దేని జాగ దానిదే" అంది. ఇది చెప్తూనే ఆ పిల్ల కంచంలో మరో గరిటె పప్పు వేసింది. మా అత్త చెడ్డ మనిషి కాదు. కానీ ఆమె నియమాల ముందు కన్నకొడుకు కూడా నోరెత్తడు.

ఇంకో గది చూద్దామని నేనే ఊరంతా తిరిగాను. గదులున్నాయి. కానీ ఏడో నెలని చెప్పగానే అందరిదీ ఒకటే మాట, "పురుడంటే మాకు పడదమ్మా." అవే మాటలు మా అత్త అంటే ఊరుకున్నదాన్ని, ఊరివాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం ఆమె మొగుడు డ్యూటీ నుంచి వచ్చి, తల వంచుకుని, పెళ్ళాన్ని ఊరికి పంపేస్తానన్నాడు. జనరల్ బోగీలో, ఆ పొట్టతో, అంత దూరం.

ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. "దీదీ, ఉధర్ కోయి నహీ హై" అంది. అక్కడ నాకెవరూ లేరు అని. తల్లి పోయింది. అత్తింట్లో ఉన్నది ముసలి మామ ఒక్కడే.

నా నోటి నుంచి మాట ఎట్లా వచ్చిందో తెలియదు. "యాడికి పోవద్దు. మిరుగు లోపల పైన కప్పు ఏపిస్త. నీ బిడ్డ గీ ఇంటికే వస్తది" అన్నాను. మిరుగు అంటే మృగశిర కార్తె. అది వచ్చిందంటే వానాకాలం వచ్చినట్టే. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏం పెట్టి ఏపిస్తవ్? పాత లోనే ఇంక తీరలే" అన్నాడు.

లోను అనగానే గుర్తొచ్చింది. లోను ఇచ్చిన రోజు బ్యాంకులో ఇంటికి బీమా అని మాతో సంతకాలు చేయించారు. అది బ్యాంకు వాళ్ళ భయానికి మా చేత కట్టించుకున్నదని ఇన్నాళ్ళూ అనుకున్నాం. మా ఊళ్ళో లోను తీసుకున్నవాళ్ళందరూ అట్లాగే అనుకుంటారు. మా ఆయన తీసిపారేశాడు. "అవి కట్టిచ్చుకునేటియే గని ఇచ్చేటియి కావు. ఇచ్చినట్టు ఎవరికన్న చూసినవా?"

"అడిగినట్టు ఎవరినన్న చూసినవా?" అన్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదు. పొద్దున్నే ఆటో ఎక్కి పటాన్‌చెరు బ్యాంకుకు పోయాను.

బ్యాంకులో లోన్ల దగ్గర కూర్చునే ఆఫీసరమ్మ నా కన్నా చిన్నది, ఓపిక గల పిల్ల. పాలసీ కాగితం తీసి ముందు పెట్టింది. ఇంగ్లీషు. నేను ఇంటర్ దాకా చదివాను గానీ ఆ ఇంగ్లీషు నేను చదివిన ఇంగ్లీషు కాదు. "నాకు అర్థమయ్యేదాకా చెప్పాలె మేడమ్, లేకపోతే ఇక్కడే కూసుంట" అన్నాను. ఆమె నవ్వింది.

"మీ పేరు మీదనే ఉందమ్మా. గాలివాన, వరద, పిడుగు, భూకంపం, నిప్పు, వీటితోని ఇల్లు పాడైతే వస్తది."

"ఇల్లంటే?"

"గోడలు, కప్పు మాత్రమే కాదు. నీళ్ళ ట్యాంకు, కాంపౌండ్ గోడ, గేటు, అన్నీ ఇంటి కిందికే వస్తయి. మీ పాలసీల ఇంట్ల సామానుకు కూడా కొంత ఉంది. నగదుకు ఉండదు. కిరాయికి ఉన్నోళ్ళ సామాను మాత్రం దీంట్ల రాదు, వాళ్ళది వాళ్ళు వేరే చేసుకోవాలె. గది ఉండరాకుండ అయితే, బాగయ్యేదాక పోయిన కిరాయి కూడా అడగొచ్చు."

నాకు ఆశ్చర్యం ఆగలేదు. పోయిన కిరాయి కూడానా! మాకిచ్చిన నకలు ఇన్నేళ్ళు బీరువాలో చీరల కింద పడుకుని ఉంది.

"మరి రానిది ఏంది?" అని అడిగాను. వచ్చేది తెలుసుకోగానే లేచిపోకూడదని మా నాయన చెప్పేవాడు, ఎడ్ల బేరంలో కూడా ముందు ఎద్దుకున్న రోగమే అడగాలనేవాడు.

"మెల్లమెల్లగ పాడైంది రాదు. గోడ చెమ్మ, స్లాబు ఉరిసి నీళ్ళు కారుడు, తుప్పు, చెదలు. ఒక్కసారి మీద పడ్డ ఆపదకే బీమా. ఏండ్ల సంది మనం బాగు చేయించనిదానికి కాదు." ఇంత చెప్పి ఫోను తీసింది. "ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేసి చెప్దాం. సర్వేయర్ వచ్చి నష్టం చూసిపోతడు. అప్పటిదాక అన్నీ ఎట్లున్నయి అట్లనే ఉంచండి. ఇంకా పాడుకాకుండ పైన టార్పాలిన్ పట్టా కప్పుకోవచ్చు, కప్పుకోవాలె కూడా. కానీ విరిగినవి పారెయ్యొద్దు. అవే మీకు సాక్ష్యం. ఏం తీసెయ్యలేదు కదా?"

 పసుపు నీళ్ళ వాసన నా చేతులకు ఇంకా ఉంది.

ఇంటికొచ్చి మా అత్తతో పోట్లాట పెట్టుకున్నాను. తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు, చీపురు నేనూ పట్టాను, కానీ కోపానికి న్యాయం తెలుస్తుందా? "అత్తా, నీ శుక్రవారం మన నెత్తి మీద కప్పు అమ్ముకున్నది!" అని అరిచాను.

"పలిగిన రేకులు ఇంటి మీద వెట్టుకొని హారతి ఇయ్యాల్నా?" అని ఆమె అంతకన్నా గట్టిగా అంది. "విరిగినయి దాచి పెడితే పైసలిస్తరని నాకు కలవడ్డదా ఏంది?"

ఆమె అన్నదీ నిజమే. ప్రపంచంలో ఎక్కడైనా విరిగినదాన్ని పారేయమంటారు గానీ, దాచి చూపించమని చెప్పేవాళ్ళు ఉంటారని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

సర్వేయర్ వచ్చాడు. కళ్ళద్దాలు, బైకు, భుజానికి సంచీ. పైకెక్కి చుట్టూ చూశాడు. కడిగిన గచ్చు, తుడిచిన గోడలు, మూలన ముగ్గు. ముగ్గు కూడా వేసింది మా అత్త.

"ఏం నష్టమైందమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"కప్పు పోయింది సార్."

"కప్పు లేదు, అది కనిపిస్తుంది. కానీ గాలికి పోయిందా, మీరే ఇప్పేసిండ్రా, నాకెట్ల తెలుస్తది? కొత్త కప్పు వేసుకుందామని పాతది ఇప్పి, గాలివాన పేరు చెప్పేటోళ్ళు కూడా ఉంటరు. మిమ్మల్ని అంటలేను. నా రిపోర్టుల ఏమని రాయాలె?"

 నన్ను దొంగ అనలేదు, అనకుండానే దొంగల పక్కన నిలబెట్టాడు. మా ఆయన అప్పుడే నిరాశతో సగం మెట్లు దిగాడు. ఆ ఒడిశా పిల్ల కింద వాకిట్లో నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, పైకే చూస్తోంది. ఆమెకు మా మాటలు అర్థం కావు, మా మొహాలు అర్థమవుతాయి.

"సార్, మీరు రిపోర్టు ఇయ్యాల్నే రాయకుండ్రి" అన్నాను. "జెర టైమియ్యండి. నా రేకులు నేను చూపిస్త."

"యాడున్నయి?"

"తెలుసుకుంట."

ఆయన కాసేపు నన్ను చూసి, "రేపు ఇటు దిక్కే పనుంది, మళ్ళొస్త" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు నాకు.

బండివాణ్ణి పట్టుకున్నాను. వాడు సరుకు వేసింది ఇస్నాపూర్ చౌరస్తా దాటాక ఉన్న పాత ఇనుము దుకాణంలో. ఎండలో అక్కడికి పోతే, దేవుడా, ఇనుప కొండలు! ఈ చుట్టుపక్కల కంపెనీల తుక్కంతా అక్కడే ఉంది. ఆ గాలికి రేకులు పోయింది మా ఒక్క ఇంటివేనా? అన్నీ బూడిద రంగు, అన్నీ వంకర. దుకాణం సేటు కుర్చీలో నుంచి లేవకుండానే, "కొన్న సామాను వాపస్ ఇయ్యం అమ్మా" అన్నాడు.

"ఇయ్యకు. నాకేం వద్దు. చూసుకుంట, గంతే."

చూశాను. చీర కొంగు నడుముకు చుట్టుకుని, ఒక్కొక్క రేకూ తిరగేస్తూ పోయాను. మా రేకులకు ఒక గుర్తు ఉంది. కింద ముందుగదికి వేయగా మిగిలిన పిస్తా రంగును మా ఆయన పారేయబుద్ధి కాక, పైగది రేకుల లోపలి వైపు పూశాడు. సగం దాకా వచ్చి డబ్బా అయిపోయింది. ఆ సగం సగం రంగు చూసి ఊరంతా నవ్వింది, నేనూ ఎన్నోసార్లు దెప్పాను. ఆ రోజు ఆ తుక్కులో పిస్తా రంగు కనబడితే తప్పిపోయిన బర్రె దొరికినంత సంతోషమైంది. కొక్కేలు బిగించిన చోట చిల్లులు గుండ్రంగా లేవు, బట్ట చినిగినట్టు చినిగి ఉన్నాయి. ఎవరన్నా పానా పెట్టి విప్పితే రేకు అట్లా చినుగుతుందా?

"సేటూ, ఇయి రేపటిదాక కదిలియ్యకు. సార్‌ను గీడికే తోల్కొస్త" అన్నాను.

"మా దుకాణంల గిరాకీ ఉంటది, మీ పంచాయితీ ఏంది?"

"కడుపుతోని ఉన్న పిల్లకు నెత్తి మీద కప్పు లేదు సేటూ. ఒక్క దినం ఆగితే నీ ఇనుము తుప్పు వడతదా?"

ఆయన నెత్తి గోక్కున్నాడు. తర్వాత పనివాణ్ణి పిలిచి, మా రేకులు పక్కకు తీయించి పైన ఒక రాయి పెట్టించాడు. ఆ సేటుకు ఇప్పటికీ మా చెట్టు మామిడికాయలు పోతాయి.

ఇంటికి వస్తుంటే బీహారీ అన్నదమ్ములు డ్యూటీ దిగి ఎదురొచ్చారు. అప్పుడు వెలిగింది నా బుర్ర. "వీడియో ఉన్నదా? ఆ దినం తీసినరు చూడు, రాళ్ళవాన?" అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మళ్ళీ తిడతాననుకున్నారేమో, పెద్దవాడు భయం భయంగా, "డిలీట్ కర్ దూఁ క్యా, ఆంటీ?" అన్నాడు. తీసేయనా అని!

"నీ కాళ్ళు మొక్కుత, అట్ల చెయ్యకు!" అన్నాను. అన్నీ ఉన్నాయి అందులో. గాలి, రాళ్ళు, ముందు ఒక మూల లేచి టపటప కొట్టుకుని, తర్వాత కప్పు మొత్తం లేచిపోవడం, ట్యాంకు దొర్లడం, గోడ కూలడం. చివర్లో నా గొంతు, వాళ్ళను తిడుతూ. ఆ వీడియో వాళ్ళ ఊళ్ళో అందరూ చూశారట, నా తిట్లు వాళ్ళ అమ్మకు బాగా నచ్చాయట.

మర్నాడు సర్వేయర్‌ను ముందు ఇనుము దుకాణానికి తీసుకుపోయాను. ఆయన రేకులు తిరగేసి, చినిగిన చిల్లుల్లో వేలు పెట్టి చూసి, ఫోటోలు తీసుకున్నాడు. వీడియో చూశాడు, నా తిట్ల దగ్గర నవ్వు ఆపుకున్నాడు. ఎదురింటివాళ్ళ గుంతలో మా ఇటుకలు కూడా చూపించాను. "ఇంత తిరిగి చూపించినోళ్ళు తక్కువమ్మా" అన్నాడు. 

కానీ కథ అక్కడ అయిపోలేదు. ఇంటికొచ్చి కింది గదిలో కూర్చుని ఆయన రాసుకుంటుంటే మా ఆయనకు ఆశ పుట్టింది. గోడ మీద పెద్ద చెమ్మ మరక ఉంది, సున్నం పెచ్చులు లేచి. దాన్ని చూపించి, "ఇది గూడ ఆ గాలివానకే సార్. నీళ్ళు దిగినయి" అన్నాడు. నేను ఆయన కాలు తొక్కబోయేలోపే మూల నుంచి మా అత్త గొంతు లేచింది.

"ఏడ గాలివానరా? నీ పెండ్లికి సున్నమేసినప్పుడు గూడ గా మరక గట్లనే ఉండె. దాని ముంగట నిలవడే కద మీ ఇద్దరు ఫోటో దిగిండ్రు! అగో, గోడకే ఉన్నది, సూడుండ్రి సార్."

సర్వేయర్ తలెత్తి చూశాడు. మా పెళ్ళి ఫోటో. నేను, మా ఆయన, మా వెనక మరక.  ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, మా ఆయన మొహం చూడాలి అప్పుడు!  ఇంత తిరిగి నిజమని నిరూపించుకున్నది ఈ ఒక్క అబద్ధంతో బూడిద పాలయిందనుకున్నాను. మిరుగు కళ్ళ ముందు కనిపించింది.

ఆయన కలం మూత పెట్టాడు. "ఇది రాదు, ఇది పాత చెమ్మ" అన్నాడు మా ఆయనతో. తర్వాత మా అత్త వైపు తిరిగాడు. "అవ్వా, రేకులు ఎవరు అమ్మిండ్రు?"

"నేనే అమ్మిన. పలిగింది ఇంట్ల ఉంచొద్దని అమ్మిన. నాకు గీ బీమా ఎరుక లేదు. కోడలు తిట్టినంక ఎరుకైంది."

"గాలి రాకముందు కప్పు మంచిగ ఉండెనా? ఎన్నడన్న ఉరిసిందా?"

"ఉరవలే. ఉరిస్తే ఉరిసిందనే చెప్త, నాకేం భయం?"

ఆయన మళ్ళీ కలం మూత తీశాడు. ఆమె చెప్పిందే రాసుకుని లేచాడు. పోతూ పోతూ గడప దగ్గర నాతో, "మీ అత్తమ్మ మాటతోని నా పని అల్కగైందమ్మా" అన్నాడు. పని తేలికైందని మంచికన్నాడో చెడుకన్నాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

తర్వాత నేను బీమా కంపెనీని ఊపిరి తీసుకోనివ్వలేదు. రేకుల మేస్త్రితో అంచనా రాయించి పంపాను. వాళ్ళు ఇంకో కాగితం అడిగితే అదే రోజు పంపాను. ఫోన్ చేస్తే పాట వినిపించేది, ఆ పాట నాకు నోటికి వచ్చేసింది. మా ఆయన "ఇగ ఇడిచిపెట్టు" అన్నప్పుడల్లా పొయ్యి మీద పొంగిపోయిన పాలను చూసినట్టు ఆయన్ను గుర్రుగా చూసేదాన్ని. ఈలోగా పైగదికి నీలం పట్టా కట్టాం. ఆ పిల్ల రోజూ దాన్ని చూసి, నన్ను చూసి, ఏమీ అడగకుండా పోయేది. వాళ్ళ బియ్యానికి, టీవీకి మా బీమాలో రాదని ఆమెకు నేనే చెప్పాను, చెప్పడానికి బాధేసింది. ఆ సాయంత్రం మా అత్త గంపెడు బియ్యం కొలిచి ఆమె ముందు పెట్టి, లోపలికి పోయింది.

వచ్చాయి. అడిగినదంతా రాలేదు. మా అత్త రేకులమ్మితే వచ్చిన పైసలు కూడా గుర్తుపెట్టుకుని అందులో పట్టుకున్నారు, దానికి ఆమె వాళ్ళను ఒక పూటంతా శాపనార్థాలు పెట్టింది. అయినా కప్పుకు, ట్యాంకుకు, గోడకు సరిపోయాయి. ఈసారి మేస్త్రి పక్కనే నిలబడి ప్రతి కొక్కెం బిగించేదాకా వాణ్ణి నీళ్ళు కూడా తాగనివ్వలేదు. మిరుగు నాడు మా వైపు చేపలు తినాలి. ఆ రోజు కూర వండింది నేను కాదు. పైగదిలో, కొత్త రేకుల కింద, ఆ పిల్ల ఆవాలు నూరి పోసి వాళ్ళ పద్ధతిలో వండి కిందికి పంపింది. ఘాటుకు మా అత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే రెండోసారి వేయించుకుంది. వాన చప్పుడు పైన రేకుల మీద వినిపిస్తుంటే నేను అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు దవాఖానలో, పురుటి రోజులు పైగదిలో, మా అత్త నియమం ప్రకారం. ఆ నియమం పెట్టిన మనిషే రోజూ మోకాళ్ళు పట్టుకుని ఆ మెట్లెక్కి పిల్లకు నీళ్ళు పోసి వచ్చేది.

మొన్న మళ్ళీ గాలి లేచింది. అంత పెద్దది కాదు గానీ వరండా కిటికీ రెక్క కొట్టుకుని అద్దం పగిలింది. చప్పుడుకు నేను వంటింట్లోంచి ఉరికొచ్చాను. మా అత్త అప్పటికే అక్కడుంది, చేతిలో చీపురు. కానీ ఊడవడం లేదు. గాజు పెంకుల మీద గంప బోర్లించి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. చీపురు అడ్డం పెట్టి మా ఆయన్ను అటు రానివ్వడం లేదు.

"ముట్టకుండ్రి ఎవ్వలు. బిడ్డా, ఫోటో తియ్యి జల్ది. బ్యాంకుల పిల్లకు ఫోన్ చెయ్యి."

"అత్తా, ఇంత చిన్నదానికి ఎవరూ రారు. ఒక్క అద్దమే. ఊడ్చెయ్యి."

"రాకుంటే రాకపాయె. వాళ్ళు వద్దనేదాక గిది గీడికెల్లి కదలది."

"రేపు శుక్రవారం" అన్నాను. నిజంగానే శుక్రవారం. "పలిగింది ఇంట్ల ఉంటది మరి?"

ఆమె గంప మీద చెయ్యి పెట్టింది. పైన పిల్ల ఏడుస్తోంది, కొత్త కప్పు కింద, గట్టిగా.

"ఉండనీ" అంది మా అత్త. "పైన పసిపోరి ఉన్నది, కప్పు నిలవాలె."